ఒక్క రోజులో నాలుగు గుహలు: ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను

మా ఇంట్లో దిగి వెళ్లినవాళ్లకీ, ఈ వేసవికి గదులు అడుగుతున్నవాళ్లకీ నమస్కారం.

ఏప్రిల్ నుంచి మళ్లీ తలుపులు తీస్తున్నాం. గది అద్దె రాత్రికి 78 యూరోలు ఉండేది, ఇప్పుడు 86. కరెంటు బిల్లు పెరిగింది, దుప్పట్లు ఉతికించే ఖర్చూ పెరిగింది. డబ్బు సంగతి ముందే చెప్పేస్తే మిగతావి స్థిమితంగా మాట్లాడుకోవచ్చని చెప్పేశాను. అసలు చెప్పాల్సింది పోయినేడాది నేను చేసిన పొరపాటు గురించి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్రాన్స్ నైరుతి దిక్కున, దోర్దోన్ జిల్లాలో, వెజేర్ నది పక్కన లేజేజీ అని ఒక చిన్న ఊరు. సున్నపురాతి కొండ ఊరి నెత్తి మీదికి వంగి ఉంటుంది. చుట్టుపక్కల వేల ఏళ్ల కిందట ఆదిమానవులు బొమ్మలు గీసిన గుహలున్నాయి. కొన్ని ఇళ్లకు వెనక గోడ ఆ కొండే. మాది యానాం. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది కదా, ఆ తర్వాత కూడా మా తాతయ్య ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకున్నారు. అలా ఒక తరం దాటాక మేము ఇక్కడ తేలాం. ఊరికి కాస్త ఎడంగా మూడు గదుల ఇల్లు. వంట నాది, తోట మా ఆయనది.

పోయినేడాది గదులు నిండాలన్న ఆశ కొద్దీ "ఒక్క రోజులో నాలుగు గుహలు, ఒక కోట" అని ప్రచారం చేసుకున్నాను. మ్యాపు ముందేసుకుని లెక్కేస్తే తప్పేం కనబడలేదు. లాస్కో గుహ ఉన్న మోంతిన్యాక్ ఊరు ఇక్కడికి పాతిక కిలోమీటర్లే, మిగతావి ఇంకా దగ్గర. కానీ ప్రతి గుహకీ ఒక టైము ఉంటుంది, ఆ టైముకే, గైడు వెంటే వెళ్లాలి. మధ్యాహ్నం భోజనాల వేళ సగం ఊరు మూతపడుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉంటున్న మనిషిని, ఈ ముక్క నాకు తెలియక కాదు. తెలిసే రాశాను.

జులైలో బర్మింగ్‌హామ్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. పిల్లలిద్దరు, అమ్మానాన్న, మోకాళ్ల నొప్పులతో ఒక పెద్దాయన. పొద్దున్నే ఫోన్ ద గోమ్ గుహకి బయల్దేరదీశాను. టికెట్లు లేవన్నారు. ఉండవు మరి, ఆ గుహలోకి రోజుకి చాలా కొద్దిమందినే పంపుతారు. రంగులు వేసిన అసలు బొమ్మల్ని, వేసిన గోడ మీదే, మామూలు జనం ఇప్పటికీ చూడగలిగే అతి కొద్ది చోట్లలో అదొకటి. 1901లో ఈ ఊరి బడిపంతులు దెని పెయ్‌రోనీ వెలుగులోకి తెచ్చిన గుహ అది. గోడ ఉబ్బెత్తుగా ఉన్నచోటే అడవిదున్న పొట్ట వచ్చేలా గీశారు, దీపం కాస్త కదిపితే దున్న ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. ఇదంతా నేను కారులో వర్ణించుకుంటూ వెళ్లాను. వెళ్లి టికెట్ల కిటికీ ముందు నిలబడ్డాను. ఆ పిల్లల మొహాలు చూడలేకపోయాను.

దాన్ని కప్పిపుచ్చుకోవడానికి మధ్యాహ్నం లాస్కోకి తీసుకెళ్లాను. అక్కడ రెండో తప్పు. చూసేది నకలు అని ముందు చెప్పలేదు. సగం దూరం నడిచాక పెద్దాయన ఆగి అడిగారు: "అయితే ఇదంతా సెట్టింగేనా, అమ్మాయ్?"

సెట్టింగే, బాబాయిగారూ. అసలు గుహ 1940 సెప్టెంబరు 12న నలుగురు కుర్రాళ్ల కంటబడింది. 1948 నుంచి జనాన్ని రానిచ్చారు. తండోపతండాలుగా వచ్చారు. వాళ్ల ఊపిరికి, తేమకి, దీపాల వెలుగుకి గోడల మీద పచ్చటి నాచు పట్టింది, తెల్లటి సున్నం పేరుకుంది. 17 వేల ఏళ్ల పైబడి నిలిచిన బొమ్మలు పదిహేనేళ్లకే దెబ్బతినసాగాయి. 1963లో మూసేశారు. 1983లో ఒక నకలు కట్టారు, 2016 డిసెంబరులో కొండ కింద ఇంకా పెద్దది తెరిచారు, మనం చూసేది ఈ చివరిదే. పని మాత్రం గొప్పది. గోడ పగుళ్లతో సహా దించారు, లోపలి చల్లదనం కూడా గుహలాగే ఉంచారు. నకలని తెలిసి వెళ్తే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. తెలియకుండా వెళ్తే మోసపోయినట్టుంటుంది. ఆ మోసం వాళ్లది కాదు, నాది. ఆ కుటుంబానికి ఒక రాత్రి అద్దె తిరిగిచ్చేశాను.

వాళ్ల యాత్రను కాపాడింది మర్నాడు చూసిన రూఫిన్యాక్ గుహ. కారులో అరగంట లోపే. గుహలోకి చిన్న కరెంటు రైలు వెళ్తుంది కాబట్టి మోకాళ్లకు శ్రమ లేదు. మామత్‌ల (మంచుయుగం నాటి జూలు ఏనుగులు) బొమ్మలకు పేరుపడ్డ గుహ అది. ఒకచోట పైకప్పు నిండా బొమ్మలే. ఇప్పుడంటే నేల తవ్వి లోతు చేశారు గానీ, గీసిన కాలంలో కప్పుకీ నేలకీ మధ్య మీటరు ఎత్తే ఉండేదట. వెల్లకిలా పడుకుని గీసి ఉంటారు. అంటే గీసినవాళ్లకే మొత్తం బొమ్మ ఒకేసారి కనబడే వీలు లేదు. వాటి పక్కనే, వాటి మీదే, కొన్ని వందల ఏళ్ల నాటి యాత్రికులు దీపం మసితో రాసుకున్న పేర్లు. పెద్దాయన చూసి, "గోల్కొండలో మనవాళ్లనే తిట్టుకుంటాం" అని నవ్వారు. బెలూం గుహల్లా విశాలంగా తిరగొచ్చు అనుకోకండి, రైలు దిగనిచ్చేది ఒక్కచోటే. వేసవిలో కూడా లోపల 13 డిగ్రీలు. స్వెట్టరు తప్పనిసరి.

కాబట్టి ఈ ఏడాది నుంచి రోజుకి ఒక్కటే గుహ. ఫోన్ ద గోమ్ మీ మనసులో ఉంటే ముందు ఆ టికెట్టు సంపాదించండి, తర్వాతే నా గది బుక్ చేయండి. సగం రోజు మిగిలిందా, ఊళ్లోనే జాతీయ పూర్వచరిత్ర మ్యూజియం ఉంది (జులై, ఆగస్టు తప్ప మంగళవారాలు మూత). దాని అరుగు మీద 1931లో పోల్ దార్దే చెక్కిన ఆదిమానవుడి విగ్రహం లోయలోకి చూస్తూ నిలబడి ఉంటుంది. ఐరోపా ఆదిమానవులకు పెట్టిన క్రోమాన్యన్ అన్న పేరు పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, 1868లో రైలు పనుల కోసం తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. కోటలు నాకు అంత ఇష్టం లేదు, పిల్లలుంటే కాస్తెల్నో చాలు, రాళ్లు విసిరే పాతకాలం యంత్రాలున్నాయి.

నాకు ఇష్టమైంది నది. పడవలో వస్తుంటే లా రోక్ సెన్ క్రిస్తోఫ్ కనబడుతుంది: కిలోమీటరు పొడవు, 80 మీటర్ల ఎత్తు రాతిగోడ, అందులో అంతస్తులు అంతస్తులుగా మనుషులు కాపురాలున్న అరలు. అయితే ఈత రానివాళ్లను పడవ ఎక్కనివ్వరు. సరదాకి పెట్టిన షరతు కాదది. గోదావరి పక్కన పుట్టి నలభై ఏళ్లు వచ్చేదాకా ఈత నేర్వని నేను ఇంతకంటే ఏమీ అనలేను.

ఇంకోటి. నా కారులో డబ్బు తీసుకుని తిప్పడం మానేశాను. దానికి వేరే లైసెన్సు కావాలి, నా దగ్గర లేదు. ఇన్నాళ్లూ తిప్పడమే తప్పు. జిల్లా కేంద్రం పెరిగ్యూ నుంచి లేజేజీకి రైలుంది, రోజుకి కొన్నే. కారు అద్దెకు తీసుకుంటేనే నయం. స్టేషన్ నుంచి ఇంటికి మాత్రం ఊరికే తీసుకొస్తాను.

భోజనం. ఈ ప్రాంతం మొత్తం బాతు మాంసమే, శాకాహారులకు బయట ఆమ్లెట్టు, సలాడ్ తప్ప పెద్దగా దొరకవు. రాత్రి వంట నేనే చేస్తాను. ఇక్కడి వాల్‌నట్లతో పొడి కొడతాను, వేరుశెనగ పొడికి తీసిపోదు. గోంగూర దొరకదు గానీ ఓజేయ్ అనే పుల్లటి ఆకుంది, దాంతో పప్పు చేస్తే మా అత్తగారే రెండుసార్లు వడ్డించుకున్నారు. చింతపండుకే కటకట. లండన్ నుంచో పారిస్ నుంచో వచ్చేవాళ్లు అరకిలో తెస్తే బిల్లులో తగ్గించుకుంటాను. గింజ తీసిందైతే ఇంకా మంచిది.