మంత్రి గారూ, దావా నంబరు లేకుండా నా ఇంటి నంబరు ఎందుకు?

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నా పాటల మీద కాపీరైట్ ఫిర్యాదు చేసినవాళ్ల చేతికి నా ఇంటి అడ్రసు పోయింది. ఈ విషయం మీద నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడూ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాను. ఒక శాఖ వాళ్లు కాపీరైట్ మాది కాదన్నారు, ఇంకో శాఖ వాళ్లు ఇంటర్నెట్ మాది కాదన్నారు. చివరికి మూడూ పరిష్కారమైపోయాయట. మీ సమస్య తీరింది, రేటింగ్ ఇవ్వండి అని ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. సమస్య ఉన్న నాకు మాత్రం అది తీరిన సంగతి తెలియలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

రూల్స్ అన్నీ మీకు తెలిసినవే, మీకు నేను చెప్పేదేముంది. నాకు జరిగింది మాత్రం వినండి.

మాది ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్నం. పేరు రాయడం లేదు. ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన దుబాయ్‌లో పని చేస్తాడు. ఇంట్లో నేనూ, ఇంటర్ చదివే నా బిడ్డా ఉంటాం. కరోనాకు బళ్లు మూతబడ్డప్పుడు మా అమ్మమ్మ పక్కన కూర్చుని ఆమె పాటలన్నీ ఫోన్‌లో ఎక్కించుకున్నాను. నాట్ల పాటలు, విసుర్రాయి పాటలు, బతుకమ్మ ఉయ్యాల పాటలు. ఆమె పోయాక వాటిని నేనే పాడి ఒక వీడియో వేదికలో పెట్టడం మొదలుపెట్టాను. వెనక కీబోర్డు లేదు, డప్పు లేదు. నా గొంతు, మా వాడకట్టు ఆడవాళ్ల చప్పట్లు, అంతే. ఆ పాటల మీద ఏడాది మొత్తానికి పది వేలు వస్తే ఎక్కువ. అదీ బతుకమ్మ నెల పుణ్యాన.

పోయిన ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ నాడు, పూలు పేరుస్తుంటే మెయిల్ వచ్చింది. మూడు వీడియోలు ఒకేసారి తీసేశారు. మూడు స్ట్రైకులు, అంటే కాపీరైట్ తప్పు చేశావని ఆ వేదిక వేసే మచ్చలు. మూడు పడితే ఏడు రోజుల్లో ఛానల్ మూత. ఎవరో ఒక మ్యూజిక్ ఛానల్ వాళ్లు ఆ పాటలు తమవే అని ఫిర్యాదు చేశారు. వాళ్లు చేసిందల్లా అవే పాటలకు డీజే కొట్టి వీడియో తీయడం. వాళ్ల రికార్డింగు మీద హక్కు వాళ్లదే, నేనేం కాదనను. దాంట్లోంచి నేను ఒక్క సెకను కూడా వాడలేదు. మా అమ్మమ్మ ఆ పాటలు వాళ్ల అత్త దగ్గర నేర్చుకుంది. ఆ అత్త ఎవరి దగ్గర నేర్చుకుందో అడుగుదామంటే ఎవరూ మిగల్లేదు. రాసినవాళ్లు చనిపోయిన 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుందట. ఈ పాటలు ఎవరు రాశారో తెలిస్తే కదా, ఎప్పుడు చనిపోయారో లెక్కపెట్టేది.

వీడియోలు పోయినందుకు నేను ఇంత పెద్ద ఉత్తరం రాయను. అసలు కథ ఆ తర్వాతిది.

నా తప్పేం లేదని చెప్పుకోవడానికి ఒక ఫారం ఉంటుంది. కౌంటర్ నోటిఫికేషన్ అంటారు. పూర్తి పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు రాయాలి. అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి లోబడతానని ఒప్పుకోవాలి. 1998 నాటి అమెరికా చట్టం ప్రకారమట. మా ఆయనను పంపడానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టు గేటు దాకా పోయి, అద్దంలోంచి చెయ్యి ఊపి వచ్చే మనిషిని నేను. అమెరికా కోర్టుకు లోబడ్డాను. ఈ వివరాలు ఫిర్యాదు చేసినవారికి పంపిస్తామని కూడా దాంట్లో రాసి ఉంది. చదవలేదని అబద్ధం చెప్పను, చదివాను. పండుగ ఆగదు, ఛానల్ నిలవదు, ఆ టెన్షన్‌లో నొక్కేశాను.

నానబియ్యం బతుకమ్మ నాడు మొదటి ఫోన్. చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, నలభై వేలు కట్టండి, కంప్లైంటు వాపస్ తీసుకుంటాం." నేను కట్టనన్నాను. రెండో ఫోన్‌లో కాపీరైట్ చట్టం సెక్షన్ 63 చదివి వినిపించాడు. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. పోలీసులు వారంటు లేకుండా తీసుకుపోవచ్చని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది, కావాలంటే చూసుకోండి అన్నాడు. చూసుకున్నాను. వారంటు లేకుండా పట్టుకోవచ్చనీ, అది నాన్ బెయిలబుల్ అనీ కోర్టు చెప్పిన మాట నిజమే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడో ఫోన్‌కు మేడమ్ పోయి 'ఏమ్మా' అయింది. నాలుగో ఫోన్‌లో "మీ ఆయన ఊళ్లో ఉండడటగా" అన్నాడు.

అలిగిన బతుకమ్మ నాడు మా గల్లీకి బండి మీద ఇద్దరు వచ్చారు. కిరాణా కొట్టు దగ్గర మా ఇంటి నంబరు చెప్పి, "ఆ దొంగ పాటలామె ఇల్లు ఇదేనా?" అని అడిగారు. లోపలికి రాలేదు. గేటుకు ఫోటో తీసుకుని పోయారు. ఆ మాట సాయంత్రానికి వాడకట్టంతా తిరిగింది. బతుకమ్మ ఆటలో నా పక్కన చప్పట్లు కొట్టే ఆడవాళ్లే ఏందక్కా, ఏదో కేసటగా అన్నారు. బడిలో కరస్పాండెంట్ సారు పిలిచి మెల్లగా ఆరా తీశారు. నా బిడ్డ సాయంత్రం ట్యూషన్ మానేసింది. పరీక్షల ఏడాది, మంత్రి గారూ.

పోలీస్ స్టేషన్‌కు పోతే అక్కడ కూర్చున్నాయన మంచాయనే, కుర్చీ వేశాడు. "తిట్టాడా? లేదు. కొట్టాడా? లేదు. ఇంట్లోకి వచ్చారా? లేదు. అడ్రసు వాళ్లకెట్లా దొరికింది? మీరే ఇచ్చారు కదమ్మా!" ఇక నేనేం మాట్లాడను? ఇచ్చింది నేనే.

వాళ్లు ఏ కోర్టుకూ పోలేదు. పోరని నాకు ముందే తెలుసు. దావా వేయడానికి వాళ్లకున్న గడువు దాటింది, మూడు వారాలకు వీడియోలు తిరిగి వచ్చాయి, స్ట్రైకులు పోయాయి. అప్పటికి సద్దుల బతుకమ్మ అయిపోయింది, దసరా అయిపోయింది. సరే, అది పోనీ. నా అడ్రసు మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. దాన్ని చెరిపేయమని ఎవరికి చెప్పాలో ఏ ఫారంలోనూ లేదు. సిమ్ మార్చాను. ఇల్లు మా మామయ్య అప్పు చేసి కట్టించింది, దాన్నెట్లా మార్చను?

వాళ్ల వైపు నుంచి నాకు తెలిసింది ఏమిటో తెలుసా? ఒక ఛానల్ పేరు, ఒక మెయిల్ ఐడీ. అంతే. మా బడిలో చదివి ఇప్పుడు లా చేస్తున్న పిల్ల ఒకతి, "టీచర్, ఉత్తుత్తి బెదిరింపులకు మీరే దావా వేయొచ్చు, కాపీరైట్ చట్టంలో సెక్షన్ 60 ఉంది" అంది. ఎవరి మీద వేయాలి బిడ్డా, సమన్లు ఏ ఇంటికి పంపాలి అంటే నోరెళ్లబెట్టింది. ఫారంలో వకీలు అడ్రసు పెట్టుకోవచ్చు కదా అని తర్వాత ఒకరు సలహా చెప్పారు. వకీలు పదిహేను వేలు అడిగాడు. పక్క మండలంలో నాలాగే పాడే ఒకామె ఈ గొడవంతా విని, తనకు వచ్చిన స్ట్రైకుకు ఫారం నింపకుండా పాట తీసేసుకుంది. ఇంట్లో వయసుకొచ్చిన పిల్లలున్నారు, నాకెందుకమ్మా అంది. ఆమెను నేనేమనగలను?

ఆ లా చదివే పిల్ల మన చట్టాలు కూడా ముందేసుకుని చెప్పింది. 2013 కాపీరైట్ రూల్స్‌లో 75వ రూల్ ప్రకారం, ఫిర్యాదు చేసేవాడే దావా వేస్తానని హామీ రాసివ్వాలట. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే తీసేసినదాన్ని మళ్లీ పెట్టుకోవచ్చట. బరువు వాడి మీద పెట్టారు, బాగుంది. వీడియో పెట్టిన మనిషి ఇంటి అడ్రసు వాడి చేతిలో పెట్టాలని ఆ రూల్‌లో ఎక్కడా కనపడలేదు. మరి మన రూల్ మన దగ్గర ఉండగా, నా పాటకు అమెరికా ఫారం ఎందుకు నింపించుకుంటున్నారు? ఈ ఒక్క ప్రశ్న మూడు ఉత్తరాల్లోనూ అడిగాను.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో మీరు డేటా రక్షణ చట్టం తెచ్చారు. 250 కోట్ల దాకా జరిమానా అంటే మేమూ చప్పట్లు కొట్టాం. తర్వాత 17వ సెక్షన్ చూపించింది ఆ పిల్ల. చట్టపరమైన హక్కునో క్లెయిమునో నిలబెట్టుకోవడానికి అవసరమైతే డేటా వాడుకోవచ్చని మినహాయింపు. క్లెయిము నిజమా, నలభై వేల కోసం ఆడిన ఆటా అని మొదట ఎవరు చూస్తారు? నా ఫిర్యాదు మూసేసిన అధికారి ఎవరని సమాచార హక్కు కింద అడిగాను కూడా. అది వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం అన్నారు. సంతోషం. మన దేశంలో ఒక్కరి గోప్యతైనా భద్రంగా ఉందని ఆ రోజు ధైర్యం వచ్చింది.

మా అన్న కొడుకు కెనడాలో, బ్రాంప్టన్‌లో చదువుకుంటున్నాడు. వాడు నిజంగానే ఒక తెలుగు సినిమా టొరెంట్‌లో దొంగచాటుగా దించాడు (వాళ్ల అమ్మకు తెలియదు, చెప్పకండి). నోటీసు వచ్చింది. ఎట్లా వచ్చిందో చూడండి. సినిమా వాళ్లు ఇంటర్నెట్ కంపెనీకి రాస్తే, ఆ కంపెనీ దాన్ని వీడికి పంపింది. వీడి పేరు, అడ్రసు సినిమా వాళ్లకు చెప్పలేదు. కావాలంటే కోర్టుకు పోయి ఉత్తర్వు తెచ్చుకోవాలి. 2015 నుంచి అక్కడ ఇదే పద్ధతట. ఇంత కడితే వదిలేస్తాం అని ఆ నోటీసుల్లో రాయకూడదని 2018లో చట్టం కూడా చేశారట. తప్పు చేసిన మా వాడి పేరు అక్కడ భద్రంగా ఉంది. ఏ తప్పూ చేయని నా పేరు మా ఊరి కిరాణా కొట్టు దాకా ఊరేగింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. నా వివరాలు ఆ వేదిక దగ్గరే ఉండనీయండి. అవతలివాడు దావా వేసి, నంబరు చూపించాక ఇవ్వండి. కోర్టు పిలిస్తే నేనే పోతాను, దాక్కోను. దావా నంబరు లేకుండా నా ఇంటి నంబరు ఎవరికీ ఇవ్వొద్దని ఒక్క రూల్ రాయండి. రూల్ కాకపోతే ఒక సలహా పత్రమైనా పంపండి. అదీ కాకపోతే, కనీసం ఫిర్యాదు చేసేవాడి అడ్రసు కూడా నాకు ఇప్పించండి. వాళ్ల గేటుకు నేను ఫోటో తీయను లెండి. ఇచ్చేసిన అడ్రసును వాళ్ల దగ్గర చెరిపించే దారి ఏదైనా ఉంటే అదీ చెప్పండి. ఎవరిని అడగాలో తెలియకే మిమ్మల్ని అడుగుతున్నాను. మళ్లీ ఇంకో శాఖకు పంపకండి, దండం పెడతాను.

మన హైకోర్టులు పేరు తెలియని కాపీరైట్ నిందితుల మీద ఉత్తర్వులిచ్చేటప్పుడు 'అశోక్ కుమార్' అని ఒక ఉత్తుత్తి పేరు రాసుకుంటాయట. ఇది విన్నప్పుడు మా ఇంట్లో చాలా రోజుల తర్వాత నవ్వాం. నేనూ ఆ పేరే వాడుకుంటున్నాను.

జవాబు రాద్దామంటే ఈ లేఖలో అడ్రసు లేదని మీ వాళ్లు అనొచ్చు. పోర్టల్‌లో మీరు మూసేసిన మూడు ఫిర్యాదుల్లోనూ ఉంది, ఇంటి నంబరుతో సహా. ఫోన్ మాత్రం చేయకండి, ఆ నంబరు ఇప్పుడు పనిచేయదు.

ఇట్లు,
అశోక్ కుమారి