పక్కన మనిషి ఉంటే చుక్క రాదు

ఎడిటర్ గారికి,

ఎండలకు నీళ్లు బాగా తాగమని పత్రికలన్నీ రాస్తాయి. బస్సు ప్రయాణం ఉన్న రోజు పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు ముట్టనివాళ్లు మాత్రం ఆ మాట వినలేరు. బస్టాండు యూరినల్‌లో పక్కన ఎవరైనా నిలబడితే వాళ్లకు మూత్రం రాదు. వైద్యులు దీన్ని పారురెసిస్ అంటారు. ఆడవాళ్లకూ ఉంటుంది, తలుపు బయట క్యూ ఉన్నా, చప్పుడు వినిపిస్తుందన్న బెరుకున్నా చాలు.

ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడూ ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంటే యూరాలజిస్టుకు చూపించుకోవాలి. ఇంట్లో సాఫీగా వచ్చి బయటే ఆగిపోతుంటే అది చాలావరకు భయం పనే. భయానికి మూత్రాశయం మూతి దగ్గరి కండరం బిగుసుకుంటుంది. అది మనం చెబితే వదిలేది కాదు. ముక్కితే ఇంకా బిగుస్తుంది. 'మగాడివి, సిగ్గేంట్రా' అనేవాళ్లు కాసేపు నోరు మూసుకుంటే అదే సాయం.

పనిచేసేది మెట్టుమెట్టుగా అలవాటు చేయడమే. నమ్మకమైన స్నేహితుణ్ని తోడు పెట్టుకోండి. గంట ముందు రెండు మూడు గ్లాసుల నీళ్లు తాగి, గట్టిగా వచ్చేదాకా ఆగండి. అర కొర ఒత్తిడితో మొదలుపెడితే పని జరగదు. మొదట మీరు ఇంట్లో బాత్రూమ్‌లో ఉంటే, అతను వీధి గుమ్మంలో ఉంటాడు. ధార మొదలైన మూడు సెకన్లకు ఆపి, బయటికొచ్చి, మూడు నిమిషాలాగి మళ్లీ వెళ్లండి. ఈసారి అతను నాలుగడుగులు దగ్గరికి వస్తాడు. అలా బాత్రూమ్ తలుపు దాకా. రెండు నిమిషాల్లో రాకపోతే అక్కడే తంటాలు పడకుండా, అతణ్ని వెనక్కి పంపి మళ్లీ ప్రయత్నించండి. మధ్యలో ఆపడం చేతకాకపోతే పూర్తిగా పోసి, ఆ పూటకు చాలించవచ్చు. ఇంట్లో కుదిరాక జనం పలచగా ఉన్న మాల్, ఆ తర్వాతే సినిమా హాలు. చాలామంది నేరుగా ఇంటర్వెల్ రద్దీలోకి దూరి, భయాన్ని ఇంకా పెంచుకుని వస్తారు. త్వరగా రావాలని లీటర్ల కొద్దీ తాగడం ప్రమాదం. రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. కుళాయి తిప్పుకోవడం మొదట్లో పనికొస్తుంది గానీ, అలవాటైతే అది లేనిదే రాదు.

ఊపిరి పద్ధతి ఇంకొకటి. ముప్పాతిక వంతు గాలి వదిలి, మళ్లీ పీల్చకుండా బిగబడితే, కొందరికి ముప్పావు నిమిషానికి పొత్తికడుపు కింద వదులైనట్టు తెలుస్తుంది. ఇంట్లో, కూర్చునే నేర్చుకోవాలి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోవద్దు.

ల్యాబులో మూత్ర పరీక్షకు వెళ్తే, సిబ్బందికి ముందే చెబితే తలుపున్న గది ఇస్తారు. క్రీడాకారులు నిషేధిత మందులు వాడారేమో చూసే డోపింగ్ పరీక్షలో ఆ వెసులుబాటు లేదు. అధికారి కళ్లెదుటే కనీసం 90 మిల్లీలీటర్లు ఇవ్వాలి కాబట్టి క్రీడాకారులు ముందు నుంచే సాధన చేయాలి. పొత్తికడుపు ఉబ్బి, నొప్పెడుతూ, ఎక్కడా రాకపోతే మాత్రం అత్యవసర విభాగానికి వెళ్లాల్సిందే.

బస్టాండ్లలో, రైల్వేస్టేషన్లలో టైల్స్ మార్చేటప్పుడు అధికారులు యూరినల్స్ మధ్య భుజం ఎత్తు పలకలు కూడా పెట్టించాలి. చాలాచోట్ల మోకాలెత్తు రాయి కూడా లేదు.

– ఒక క్లినికల్ సైకాలజిస్టు, వరంగల్