ఆరోగ్యశాఖ మంత్రి గారికి, ఊరికే మోగే ఆ అలారం గురించి

మంత్రి గారూ, నమస్కారం.

మాది రాజోలు దగ్గర ఒక పల్లె, రొయ్యల చెరువులు చేస్తుంటాను. ఈమధ్య మా నాన్నగారిని ఆయాసంతో ప్రభుత్వాసుపత్రిలో చేర్పించి నాలుగు రాత్రులు మంచం పక్కనే కూర్చున్నాను. వైద్యం బాగానే చేశారు, అందులో వంక పెట్టను. నా గోలంతా మంచం పక్కన ఆక్సిజన్ అంకె చూపిస్తూ మోగే ఆ మోనిటర్ గురించే.

వేలికి క్లిప్పు పెడతారు కదా, అది ఎర్ర కాంతినీ కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ వేల్లోంచి పంపి, రక్తం ఏది ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ శాతం లెక్కగడుతుంది. వేలు కదిలినా, చెయ్యి చల్లబడినా లెక్క తప్పుతుంది. నాన్నగారికి బీపీ పట్టా కూడా ఆ చేతికే కట్టారు, అది బిగిసినప్పుడల్లా వేలికి రక్తం అందక అంకె పడిపోవడం, బీప్ బీప్ మనడం. మొదటి రాత్రి సిస్టర్ కోసం మూడుసార్లు పరిగెత్తాను. మూడో రాత్రికి సిస్టరూ రాలేదు, నేనూ లేవలేదు. తెల్లారాక ఆ సంగతి తల్చుకుంటే ఒళ్లు జలదరించింది.

పైగా ఆయన నలభై ఏళ్లు చుట్ట కాల్చిన మనిషి, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు) ఉంది. ఇలాంటి చాలామందికి రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం ఉంటే చాలంటారు. మిషన్లో హద్దు 90 దగ్గర వదిలేస్తే 89 వచ్చినప్పుడల్లా అరవక ఏం చేస్తుంది?

మేమూ చెరువు మీద రాత్రంతా ఆక్సిజనే చూస్తాం (రొయ్యకి తెల్లారుజామే గండం). డీఓ మీటరు (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) అంకె పడితే ముందు నీళ్లలో ముంచే దాని ప్రోబు కడిగి మళ్లీ ముంచి చూస్తాం, నిజమైతే అప్పుడు పరుగు.

కొత్త మిషన్లు కొనమనట్లేదండీ. హద్దులు రోగిని బట్టి డాక్టరు గారే పెట్టాలి. అంకె కొంచెం తగ్గితే పది పదిహేను సెకన్లు ఆగి, అప్పటికీ లేవకపోతేనే మోగేలా చాలా మోనిటర్లలో పెట్టుకోవచ్చు. మరీ పడిపోతే మాత్రం వెంటనే మోగాల్సిందే, అక్కడ ఆలస్యం కుదరదు. అరిగిపోయిన క్లిప్పులకి ప్లాస్టర్ చుట్టి నెట్టుకురాకుండా కొత్తవి ఇప్పించండి. అంతే, ఒక్క సర్క్యులర్ పని.

నాలుగో రాత్రి డ్యూటీకి వేరే సిస్టర్ వచ్చింది. రాగానే క్లిప్పు తీసి రెండో చేతికి పెట్టి, ఆ చెయ్యి దుప్పట్లో కప్పి వెళ్లిపోయింది. తెల్లారేదాకా మోనిటర్ నోరెత్తలేదు. ఆ అమ్మాయికి అది ఎవరు నేర్పారో కనుక్కుని, మిగతా వార్డుల వాళ్లకీ నేర్పించండి.

ఇట్లు,
కోనసీమ రొయ్యల రైతు