వానికి ఒక అమ్మను పెట్టు

అనంతపురం

చిరంజీవి శీనుకు నాయన ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం బాగుండాము. వాన లేక ఈసారి చెనిక్కాయకు ఊడలు సరిగ్గా దిగలేదు. మీ అమ్మ మోకాలు మామూలే. నీ ఫోను కలవడం లేదని నేనేమీ అనుకోలేదు, పని ఎక్కువుంటాదిలే. పెద్దమ్మోళ్ల గృహప్రవేశంలో రాజుగాడు మాత్రం "వాళ్ల ఆఫీసులో సగం మందిని తీసేసినారంట మామా" అన్నాడు. వాని మాట ఎవరు నమ్ముతారు.

నువ్వు పంపిన ఆ ఎర్రకోటు పిల్లోని బొమ్మ గురించి రాద్దామని కూర్చున్నా. కన్ను బాగా కుదిరింది. కింద వాని కథ "తల్లిదండ్రులు లేరు, ఎవరికీ భయపడడు" అని రాసినావు. అదేందిరా? భయమే లేనోన్ని చూసి జనం నవ్వేదెట్లా, ఏడ్చేదెట్లా? వానికి ఒక అమ్మను పెట్టు. రాత్రి ఆలస్యంగా వస్తే తిట్టేదానికి ఒకరుండాల. అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటాడా? ఉద్యోగం పోతే ఇంట్లో చెప్తాడా, దాస్తాడా? అవి తేల్చుకుంటే వాడే నడుచుకుంటా పోతాడు.

మా చిన్నప్పుడు ఊరికి తోలుబొమ్మలాట వచ్చేది. తెరమీద పది తలలు పడగానే రావణుడని చంటిపిల్లకు కూడా తెలిసిపోయేది. అయినా జనం తెల్లార్లూ మేలుకునేది నవ్వించే బొమ్మలు బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాని కోసం. ఒకసారి ఆటవాళ్లు పగలు దీపాలకు ఆముదం అడుగుతా మా ఇంటికొచ్చినారు. మీ జేజినాయన డబ్బా బోర్లించి, అడుగున రెండుసార్లు తట్టి, "చుక్క లేదు నాయనా" అన్నాడు. లోపల కుండ నిండా ఉంది. ఆ రాత్రి లంకలో హనుమంతుని తోకకు గుడ్డలు చుట్టినారు, నూనె చాల్లేదు. కేతిగాడు పోలిగాని ఇంటికి పోయినాడు. పోలిగాడు డబ్బా బోర్లించె, రెండుసార్లు తట్టె, "చుక్క లేదు నాయనా" అనె, అచ్చం మీ జేజినాయన గొంతే! "మరి లోపల కుండ ఎవరి మొగునిది రా?" అని బంగారక్క. ఊరంతా మావైపు తిరిగింది. అందరికంటే గట్టిగా నవ్వింది మీ జేజినాయనే. ఇంటికి పోతా "ఎవడే ఆ పీనాసోడు, పక్కూరోడా?" అని జేజిని అడిగినాడు. నేను నోరు తెరవబోతే జేజి నా చెయ్యి రక్తమొచ్చేట్టు గిల్లింది.

ఆటాయన గడపలో నిలబడి చూసినాడు కాబట్టి వచ్చింది ఆ పాత్ర. నువ్వేమో రూములో తలుపేసుకోని గీస్తావు. టీకొట్టు కాడ గంట కూర్చో. డబ్బులిచ్చేటప్పుడు ఎవరు జేబు నిదానంగా తడుముకుంటారో చూడు. తినిపో, ఖాళీ కడుపుతో టీ తాగొద్దు.

బొమ్మలతో బతకలేవని అనింది మీ మామ, నేను కాదు. 2020లో నిమ్మలకుంట దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చింది తోలుబొమ్మలకే కదా. అయితే ఎంతటోనికైనా నెల తిరిగేసరికి బియ్యం కావాల.

బస్సు పార్సిల్లో నువ్వులపొడి, చెనిక్కాయ ఉండలు, కొర్రబియ్యం పంపినాము. స్టీలు డబ్బాలు పారేయొద్దు, మీ అమ్మ లెక్క పెట్టుకుంది.

ఆ ఎర్రకోటు పిల్లోనికి ఇప్పుడు ఉద్యోగం ఉందా, రూము బాడుగ ఎవరు కడతాండారు, అది రాయి. మీ అమ్మకు చదివి వినిపించనులే.

మీ నాయన