నూనె కూపను మీకు ఎందుకు రాలేదంటే

ఏడాదిలో కనీసం ఆరుసార్లు మా హనుమకొండ గానుగలో కొన్నవారికి బతుకమ్మ పండుగకు అర లీటరు నువ్వుల నూనె ఉచితమని చెప్పాం. ఫోన్లకు కూపన్లు వెళ్లాయి. కానీ కాజీపేట నుంచి నెలనెలా స్టీలు క్యాను పట్టుకుని వచ్చే పెద్దాయనకు వెళ్లలేదు. ఎండాకాలంలో ఒక్కసారి వచ్చి మామిడికాయ పచ్చడికి సరుకులు కొన్నవారికి వెళ్లింది. "మమ్మల్ని మరిచారా?" అని అడిగిన పాత ఖాతాదారులందరికీ ఇదే జవాబు.

మా బిల్లింగ్ కంప్యూటర్‌లో ఒక్కో సరుకుకు ఒక్కో వరుస పడుతుంది. పచ్చడి బిల్లులో పల్లి నూనె, కారం, ఆవపిండి, మెంతిపొడి, ఉప్పు, పసుపు: ఆరు వరుసలు. సాఫ్ట్‌వేర్ అమ్మినవారు రాసిన ఎస్‌క్యూఎల్ క్వెరీలో (బిల్లుల నుంచి లెక్క తీయమని కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశం) 'గ్రూప్ బై' దగ్గర, అంటే వరుసలను దేన్నిబట్టి గుంపులు కట్టాలో చెప్పే చోట, ఫోను నంబరుతో పాటు బిల్లు నంబరూ పెట్టారు. దాంతో ప్రతి బిల్లూ ఒక గుంపైంది. గుంపులో లెక్క ('హ్యావింగ్ కౌంట్') కనీసం ఆరు ఉండాలన్న షరతు ఎన్నిసార్లు వచ్చారో కాక, ఒక్క బిల్లులో ఎన్ని సరుకులున్నాయో లెక్కపెట్టింది. పెద్దాయన బిల్లులో ఎప్పుడూ ఒకటే వరుస. పన్నెండు నెలలూ వచ్చినా ఆయన ఏ గుంపూ ఒకటి దాటదు.

సాఫ్ట్‌వేర్ వారికి చూపిస్తే, "ఆరు అనే షరతు ఉంది, ఎర్రర్ రాలేదు, రిపోర్టు సరైనదే" అన్నారు. మార్చాలంటే కొత్త రిపోర్టు కింద లెక్కట, డబ్బు వేరేనట! పైసా ఇవ్వనన్నాను. ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి కూర్చుని సరిచేసింది. గుంపు ఫోను నంబరు మీదే. లెక్క 'కౌంట్ డిస్టింక్ట్' బిల్లు నంబరు మీద, అంటే ఎన్ని వరుసలున్నా ఒక్కో బిల్లు ఒక్కసారే లెక్కకొస్తుంది. ఈ ఏడాది తేదీలు చూడడం, రద్దయిన బిల్లులు తీసేయడం మాత్రం 'వేర్'లో, అంటే గుంపులు కట్టకముందే. పల్లీల్లో రాళ్లు గానుగలో పోయకముందు ఏరాలి. ఎంత నూనె దిగిందో తూచేది ఆడించాక. 'హ్యావింగ్' పని ఆ తూకం.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే: పొరపాటున వెళ్లిన కూపన్లు రద్దు చేయాలా? చేయమనే మా ఇంట్లో అందరూ అన్నారు. నువ్వుల ధర చూస్తే వాళ్ల మాటే న్యాయం. ఒక రోజు రద్దు సందేశం రాసి కూడా పెట్టుకున్నాను. కానీ ఆ కూపను మీద మా గానుగ పేరుంది. ఇస్తానని పండుగ ముందు వెనక్కి లాక్కుంటే, తప్పు ఎవరిదైనా చిన్నబోయేది ఆ పేరే. చెరిపేశాను. వచ్చినవారందరికీ నూనె ఇస్తాను, నష్టం నాదే.

రావలసినవారికి కొత్త కూపన్లు పంపుతున్నాం. సందేశం రాకపోయినా సద్దుల బతుకమ్మ దాకా కౌంటర్‌లో ఫోను నంబరు చెబితే చాలు, పాత బిల్లులు వెతకనక్కరలేదు. సాఫ్ట్‌వేర్ వారికి ఈ ఏడాది కట్టాల్సిన రుసుము మాత్రం, ఆ నూనె ఖర్చు తీసేశాకే కడతాను.