ఫాస్ట్ బౌలర్ల స్థానాలు వికెట్ల లెక్కతో తేలవు

సంపాదకులకు నమస్కారం.

క్రికెట్ చరిత్రలో అత్యుత్తమ ఫాస్ట్ బౌలర్లు వీరేనంటూ క్రీడా పేజీల్లో తరచూ వచ్చే జాబితాలు చాలావరకు మొత్తం వికెట్ల వరుసలోనే ఉంటున్నాయి. అందువల్ల 704 టెస్టు వికెట్ల ఇంగ్లండ్ బౌలర్ జేమ్స్ ఆండర్సన్ మొదటి స్థానంలోనూ, 376 వికెట్ల వెస్టిండీస్ బౌలర్ మాల్కమ్ మార్షల్ ఎక్కడో దిగువనా కనిపిస్తున్నారు. ఆండర్సన్ ఆడినవి 188 టెస్టులు, మార్షల్ ఆడినవి 81 మాత్రమే. ఒక్కో వికెట్‌కు ఆండర్సన్ సగటున 26.45 పరుగులు ఇవ్వగా, మార్షల్ ఇచ్చినవి 20.94. ఒక పేసర్ (ఫాస్ట్ బౌలర్) రెండు దశాబ్దాలకు పైగా టెస్టుల్లో నిలవడం అసాధారణమే అయినా, మార్షల్‌ను వెనక్కి నెట్టడానికి అది చాలదని నా అభిప్రాయం.

పేస్‌కు సహకరించని పిచ్‌పై ఏం చేశాడన్నదే ఫాస్ట్ బౌలర్‌కు అసలు పరీక్ష. 1983-84లో మన దేశంలో ఆడిన ఆరు టెస్టుల్లో మార్షల్ 33 వికెట్లు తీశాడు. కాన్పూర్‌లో సాక్షాత్తు గావస్కర్ చేతిలోంచి బ్యాట్ ఎగిరిపడేలా చేసిన అతని బంతిని ఆ తరం ప్రేక్షకులు నేటికీ తలచుకుంటారు. 1984లో లీడ్స్‌లో ఎడమచేతి బొటనవేలు విరిగినా, ఆ చేతికి కట్టుతోనే బౌలింగ్ చేసి 53 పరుగులకు ఏడు వికెట్లు పడగొట్టాడు. 1988లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వేగం తగ్గించుకుని, స్వింగ్‌నూ (గాలిలో బంతి వంపు తిరగడం) సీమ్‌నూ (పిచ్‌పై పడ్డాక బంతి దిశ మారడం) నమ్ముకుని, 22 పరుగులకే ఏడుగురిని వెనక్కి పంపాడు. పిచ్‌ను బట్టి తన బౌలింగ్‌నే మార్చుకోగల ఇంతటి నేర్పు మరే పేసర్‌లోనూ నాకు కనిపించలేదు.

అహ్మదాబాద్‌లో 2008లో భారత్‌ను 76 పరుగులకే కూల్చడంలో ముందున్న దక్షిణాఫ్రికా పేసర్ డేల్ స్టెయిన్, 2010లో నాగపూర్‌లో 51 పరుగులకు ఏడు వికెట్లు తీసి ఇదే పరీక్షలో నెగ్గాడు. మహామహుడైన ఆస్ట్రేలియా పేసర్ డెనిస్ లిల్లీకి మాత్రం 1980లో పాకిస్తాన్‌లో ఆడిన మూడు టెస్టుల్లో దక్కినవి మూడే వికెట్లు.

మార్షల్‌కు రెండో వైపు నుంచి బౌలింగ్ చేసే గార్నర్, హోల్డింగ్ వంటి సహచర పేసర్లు ఉన్నారనే అభ్యంతరం న్యాయమైనదే. ఆ అండ అంతగా లేకుండానే న్యూజిలాండ్ తరఫున 86 టెస్టుల్లో 431 వికెట్లు తీసిన రిచర్డ్ హ్యాడ్లీకి అందుకే నేను రెండో స్థానం ఇస్తాను. ఇరవై లోపు సగటుతో 200 వికెట్లు దాటిన తొలి బౌలర్ బుమ్రాను ఎక్కడ నిలపాలన్నది అతను ఆట ముగించాక నిర్ణయించడమే సబబు.

ఇకపై ఇలాంటి జాబితాలు ప్రచురించేటప్పుడు మొత్తం వికెట్ల పక్కనే ఆడిన టెస్టులు, సగటు, స్ట్రయిక్ రేట్ (ఒక్కో వికెట్‌కు వేసిన బంతులు), విదేశీ పిచ్‌లపై గణాంకాలు కూడా ఇవ్వవలసిందిగా మనవి.

– ఒక పాఠకుడు, విజయవాడ