నువ్వు మూడో నంబర్లో ఉన్నావురా

ఒరేయ్ సర్వం,

ఉత్తరం ఆలస్యమైందని నువ్వు మూతి ముడిచేలోపే చెప్తున్నా, ఈసారికి క్షమించెయ్. ఆఫీసులో ఆడిట్ వాళ్లు తిష్ట వేశారు, పాపకి పరీక్షలు, అమ్మకి మోకాలి నొప్పి కాస్త నయం, నా బదిలీ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. వార్తలు సమాప్తం. ఇక అసలు సంగతి. ఎక్కడైనా కుదురుగా కూర్చుని చదువు.

నిన్న రాత్రి నువ్వు టీవీలో కనిపించావు!

ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే "సిగ్నల్ లేదురా" అని పెట్టేస్తావు. వాట్సాప్‌లో పెడితే పగలబడి నవ్వే బొమ్మ ఒకటి పడేసి జారుకుంటావు. ఈ విషయంలో నువ్వు జారుకోవడానికి వీల్లేదు, ఎందుకో ముందుకెళ్తే నీకే తెలుస్తుంది. మా బాబాయి కొడుకు ఇవాళే మీ వైపు బయల్దేరుతున్నాడు. ఉత్తరం వాడి చేతికిచ్చి, నీ ముందే నిలబడి చదివించమని చెప్తా.

మొదట్నుంచీ చెప్పాలి, లేకపోతే మజా రాదు. ఇక్కడ ఒక ఛానల్లో ఆదివారం రాత్రిళ్లు కౌంట్‌డౌన్ ఒకటి వేస్తున్నారు. తెలుగువాళ్లు మర్చిపోలేని 50 సందర్భాలు అట. సినిమాలు, సీరియళ్లు, డైలాగులు, ఫోన్లలో తిరిగిన వీడియోలు, అన్నీ ఒకే మూటలో కట్టి 50 నుంచి 1 దాకా లెక్కపెట్టుకుంటూ వస్తారు. యాంకర్ అమ్మాయి వెలుగుతూ ఆరుతూ ఉండే నేల మీద నిలబడి చెయ్యి ఊపగానే అంకె గిర్రున తిరుగుతుంది, వెనక ఢాం అని చప్పుడు. ఆ తర్వాత సోఫాలో కూర్చున్న నలుగురు "అబ్బా, ఆ రోజులే వేరు" అంటారు. ఆ నలుగురిలో ఒక రేడియో జాకీ కుర్రాడున్నాడు. 1987లో దూరదర్శన్‌లో రామాయణం వస్తుంటే వీధులు ఎలా ఖాళీ అయ్యేవో కళ్లారా చూసినట్టు చెప్పాడు. వాడి మొహం చూస్తే అప్పటికి వాళ్ల అమ్మానాన్నలకి పెళ్లి కూడా అయ్యుండదు!

చెత్త షో అనుకుంటూనే ఒక్క భాగం వదలకుండా చూశాన్రా. ఏం చేస్తాం. 49లో వార్నర్ వచ్చాడు, 2020 లాక్‌డౌన్‌లో పెళ్లాంతో కలిసి బుట్టబొమ్మకి స్టెప్పులేసిన వీడియో. ఆస్ట్రేలియావాణ్ణి మనవాళ్లు ఇంటల్లుడిలా చూసుకోవడం మొదలైంది ఆ దెబ్బతోనే కదా. 41లో వదల బొమ్మాళీ. అరుంధతి వచ్చింది 2009లో, మన పక్కగది పంతులు నిద్రలో ఆ డైలాగు చెప్పి వార్డెన్ని హడలగొట్టిందీ అప్పుడే. అది షోలో రాలేదు, నాకు గుర్తొచ్చింది.

31లో ఎవరనుకున్నావు? మనమే! అమృతం. నీకు పేరు పెట్టిన సీరియల్‌ని, నాకు పేరు పెట్టిన సీరియల్‌ని, 2001 నుంచి 2007 దాకా ఆదివారం రాత్రి ఇల్లంతా నవ్విన సీరియల్‌ని 31లో పడేశారు. దానికంటే పైన, 22లో ఏముందో తెలుసా? ఎవరో పెళ్లికూతురు బరాత్‌లో డ్యాన్స్ చేసిన వీడియో. ఆ అమ్మాయి బాగానే వేసింది, కాదనను. కానీ అమృతం కంటే తొమ్మిది మెట్లు పైనా? అమృత విలాస్ గల్లాపెట్టె మీద ఒట్టేసి చెప్పు, ఇది న్యాయమేనా?

అసలీ ర్యాంకులు ఎవరిచ్చారో ఎక్కడా చెప్పరు. "మా రీసెర్చ్ టీమ్" అంటుంది యాంకర్, అంతే. మా నాన్న రేడియోలో వినే హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలాకైనా ఒక పద్ధతి ఉండేది. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైనప్పుడు పాటల్ని కలగాపులగంగా వేసి, మీరే వరుస పెట్టి పంపండి అని శ్రోతలకే వదిలేశారట, ఉత్తరాలు మూటలు మూటలుగా వచ్చిపడేవట. తర్వాత హిట్ పరేడ్ అయ్యాక రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల మాట చూసేవారు. ఏ పాట ఏ మెట్టు మీదుందో అమీన్ సయానీ చెప్తుంటే నాన్న ఊపిరి బిగబట్టి వినేవాడట. ఇక్కడ మెట్లూ లేవు, లెక్కా లేదు.

నా అనుమానం ఏంటంటే, వీళ్ల దగ్గర వీడియో ఉన్నదానికి పైర్యాంకు, ఫోటోలే ఉన్నదానికి కింద ర్యాంకు. రామాయణానికి ఒక్క సీను కూడా వెయ్యలేదు, రెండు ఫోటోల్ని దగ్గరికి లాగి, దూరం జరిపి, మళ్లీ దగ్గరికి లాగి కానిచ్చేశారు. హక్కుల బాధ అయ్యుంటుంది. 14తో సరిపెట్టారు. ఎన్టీఆర్ 1983 జనవరి 9న రాజ్‌భవన్ కాదని లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది 12లో. సినిమా హీరో పార్టీ పెట్టి ఏడాది తిరక్కుండా గద్దెనెక్కడం 12వ విషయమా? శివలో సైకిల్ చైన్ మాత్రం 8లో ఉంది. అది నాకు ఓకే. 1989 తర్వాత ఎంతమంది సైకిళ్లు చైన్లు లేక మూలన పడ్డాయో మన అన్నయ్యలనడగాలి.

సరే, మూడో నంబరుకొస్తున్నా.

కట్టప్ప. అది వస్తుందని తెలుసు, రాకపోతే నేనే ఛానల్ ముందు ధర్నా చేసేవాణ్ణి. 2015 జూలై 10న మొదటి భాగం వచ్చి, చంపింది నేనే అని కట్టప్ప నోటితోనే చెప్పించి తెర దించేశారు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా, ఇరవై ఒక్క నెలల పైచిలుకు, దేశమంతా అదే ప్రశ్న. ఉద్యోగం ఇంటర్వ్యూలో నన్ను అడిగారు కదరా! అవన్నీ చూపించాక యాంకర్, "అప్పట్లో ప్రేక్షకులు ఏమనుకున్నారో చూద్దాం" అంది. థియేటర్ బయట జనం. మైకు పట్టుకున్న రిపోర్టరు. మైకు ముందు, నుదుటి మీద ఇంత విభూతితో, నువ్వు!

నేను సోఫాలోంచి లేచి నిలబడిపోయా. మా ఆవిడ బల్లి పడిందేమోనని అరిచింది.

ఏమన్నావో గుర్తుందా? గుర్తుండదులే, గుర్తున్నా ఒప్పుకోవు. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నా. "చచ్చింది బాహుబలి కాదు సార్, డూప్. అసలు బాహుబలి హిమాలయాల్లో ఉన్నాడు. కరెక్టుగా ఇంటర్వెల్‌కి దిగుతాడు, చూస్కోండి." ఆ "చూస్కోండి" దగ్గర కెమెరాకేసి వేలు చూపించి కన్ను కొట్టావు చూడు, అదీ! నీ డూప్ థియరీ గురించి నేను ఎంతమందికి చెప్పినా నమ్మలేదు. "నేనలా ఎప్పుడన్నాను" అని పంతులు పెళ్లిలో అందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని చేశావు కదా. ఇప్పుడు చెప్పరా.

ఇంకా ఉంది. నీ బొమ్మ కింద ఏం రాశారో తెలుసా? "సినీ విశ్లేషకుడు". ఒట్టు! నీ తర్వాత మాట్లాడిన పెద్దమనిషి నిజంగా విశ్లేషకుడు అనుకుంటా, ఆయన బొమ్మ కింద "అభిమాని" అని వేశారు. పట్టీలు తారుమారయ్యాయి. పాపం, ఆయన గంభీరంగా కథన శైలి గురించి ఏదో చెప్తున్నాడు, ఎవరూ పట్టించుకునేలా లేరు. మా పాప అయితే "ఈ విశ్లేషకుడు అంకుల్ మనింటికి వస్తుంటారు కదా" అంది. ఆ క్షణం నుంచి మా ఇంట్లో నీ పేరు అదే. సర్వం రద్దయింది.

నీ భుజం వెనక ఒక మోచెయ్యి కనిపిస్తుంది, అది నాదే. టిక్కెట్లు పైకెత్తి పట్టుకుని నిన్ను లోపలికి రమ్మని అరుస్తున్నా. కౌంట్‌డౌన్‌లో నా వాటా ఆ మోచెయ్యే.

ఇప్పుడు వినరా, ఇందుకోసమే ఉత్తరం రాస్తున్నది. టీవీని అక్కడే ఆపా. ఈ కొత్త పెట్టెలో ఆపి, వెనక్కి తిప్పొచ్చు. వెనక్కి తిప్పా. మళ్లీ ఆపా. టీవీకి జానెడు దూరంలో నిలబడి చూశా. నీ ఒంటి మీద నీలం గళ్ల చొక్కా. పై నుంచి రెండో గుండీ తెల్లది, మిగతావన్నీ నీలం. ఆ తెల్ల గుండీ మా అమ్మ కుట్టింది. నీలం గుండీ దొరక్క, తన డబ్బాలో ఉన్నది తీసి, కొంచెం లావు దారంతో. ఆ లావు దారం ముడి కూడా కనిపిస్తోందిరా దొంగా! చాకలి పోగొట్టాడని నాతో చెప్పి, వాడితో పోట్లాడటానికి నాకు తోడు కూడా వచ్చావు. ఆ పాపం మనిషి దగ్గర నష్టపరిహారం కింద నెల ఇస్త్రీ ఉచితంగా చేయించుకున్నాం. నాతో పాటు నువ్వూ చేయించుకున్నావు!

అంటే నా చొక్కా వేసుకునే, నా పక్కనే, నా టిక్కెట్టుతో సినిమా చూశావు. మరి ఆ రాత్రి నేనెందుకు గమనించలేదు అంటావా? రెండో భాగం మొదటి రోజు ఎవడికిరా పక్కవాడి చొక్కా కనిపించేది.

ఆగు, అయిపోలేదు. కౌంట్‌డౌన్ల రహస్యం నీకు తెలుసుగా, ఉన్న సరుకు పావు, మిగతా ముప్పావు "చూసిందే చూడరా". బ్రేక్ ముందు రాబోయేది చూపిస్తారు, బ్రేక్ తర్వాత అయిపోయింది చూపిస్తారు. ఎడిటర్‌కి నీ కన్ను కొట్టుడు ఎంత నచ్చిందో ఏమో, ప్రతి బ్రేక్‌కీ నువ్వే. సబ్బు ప్రకటన, నువ్వు, సిమెంటు ప్రకటన, నువ్వు. రెండో నంబరు మొదలయ్యేసరికి మా ఆవిడకి నీ డైలాగు కంఠతా వచ్చేసింది. ఫోన్‌తో ఫోటో తీశా, తెర మీద గీతలు గీతలుగా వచ్చింది కానీ గుండీ స్పష్టంగా ఉంది. ఉత్తరంతో జతచేస్తున్నా. అసలు ప్రతి నా దగ్గరే ఉంది, చింపినా లాభం లేదు.

అన్నట్టు ఆరో నంబరు సంగతి చెప్పలేదు నీకు. అది ముందే రాయాల్సింది, కానీ నీ గొడవలో పడిపోయా.

ఆరులో బాలుగారు. 2020 సెప్టెంబర్ 25. సోఫాలో నలుగురూ మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నారు, అది మాత్రం మెచ్చుకోవాలి. 1996లో మొదలైన పాడుతా తీయగాలోంచి ఒక ముక్క వేశారు. ఒక పిల్లవాడు పాడుతూ తడబడితే, ఆయన ఆపకుండా, తిట్టకుండా, తాళం వేస్తూ వాడు మళ్లీ అందుకునేదాకా చూశారు. నాకు వెంటనే మీ నాన్నగారు గుర్తొచ్చారు. ఆ పొడుగు పుస్తకం పెట్టుకుని, పిల్లల పేర్లు ఎడమవైపు, శృతికి ఇన్ని, తాళానికి ఇన్ని అని కుడివైపు, న్యాయనిర్ణేతల కంటే ముందే మార్కులు వేసేసేవారు. ఆయన మార్కులకీ వాళ్ల మార్కులకీ తేడా వస్తే భోజనానికి లేచేవారు కాదు. నువ్వు మధ్యలో ఛానల్ మార్చినందుకు నీకు సున్నా వేసి, పక్కన సంతకం కూడా పెట్టారు, గుర్తుందా? ఆ పుస్తకం ఇంకా మీ ఇంట్లో ఉందా? ఉంటే నాకొకసారి... సరే, వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. నిన్న కాసేపు నాకు మాట రాలేదురా. ఆ తర్వాత ఐదో నంబరు ఢాం అంది. కౌంట్‌డౌన్‌కి ఎవరి కోసం ఆగడం తెలీదు.

అమ్మ అడుగుతోంది, నువ్వు సంక్రాంతికి వస్తున్నావా లేదా అని. చొక్కా సంగతి ఆవిడకి చెప్పలేదు. చెప్తే "పోనీలే, వాడికే బాగుంది" అంటుంది, నాకు తెలుసు.

రెండో నంబరు తగ్గేదే లే. పుష్ప, 2021 డిసెంబర్. గడ్డం కింద చెయ్యి తిప్పనివాడు దేశంలో లేడు, నిజమే, ఒప్పుకుంటా. కానీ కట్టప్ప పైన? ఒక సైగ పెద్దదా, ఇన్ని నెలలు జనాన్ని నిద్రపోనివ్వని ప్రశ్న పెద్దదా? నువ్వు విశ్లేషకుడివి కాబట్టి నీ అభిప్రాయం తెలియజేయగలవు.

ఒకటో నంబరు నువ్వు ఊహించే ఉంటావు. నాటు నాటు, 2023 ఆస్కార్. మనకి 13వ తేదీ పొద్దున్న. ఇండియన్ సినిమాలోని పాటకి ఆస్కార్ రావడం అదే మొదటిసారి, దాన్ని ఒకటిలో పెట్టకపోతే ఛానల్ మూసుకోవాల్సిందే అని నాకూ తెలుసు. కీరవాణిగారు మైకు ముందు కార్పెంటర్స్ పాట బాణీలో తన మాటలు పాడుతుంటే, పక్కన చంద్రబోస్‌గారు నిలబడి ఉన్న తీరు చూసి మళ్లీ ఒళ్లు జలదరించింది. రాహుల్, కాలభైరవ ఆ వేదిక మీద తెలుగులో పాడుతుంటే అక్కడున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. అంతా నిజమే.

కానీ నా లెక్క వేరురా. అవార్డు వచ్చిందని గొప్పదైనదాన్ని ఒకటిలో పెట్టడంలో గొప్పేముంది? ఎవరూ ఏ బహుమతీ ఇవ్వకుండానే ఇళ్లన్నీ ఒకేసారి ఒకే పని చేసిన రోజులున్నాయి చూడు, శుక్రవారం చిత్రలహరి టైముకి, లేకపోతే ఋతురాగాలు సీరియల్ మొదలయ్యేసరికి... నన్నడిగితే ఒకటో నంబరు అందులోంచే రావాలి. అసలు ఋతురాగాలు 50లో ఎక్కడా లేదు! 50లో! నేను యాభైకీ కాగితం మీద నా వరుస రాసుకున్నా. నీది నువ్వు రాయి, నాది చూడకుండా. నా మొదటి ఐదూ చెప్తా, ఒకటి

అరే, ఆటో వచ్చేసింది, బాబాయి కొడుకు చెప్పులేసుకుని గుమ్మంలో గెంతుతున్నాడు. కవరు కూడా అంటించలేదు. మిగతాది తర్వాత.

నీ
ఆంజనేలు